ధర కన్నా ముందు హక్కు: అర్థశాస్త్రం చదవబోతున్న మనవరాలికి

భూమికి ధర కట్టేముందు, దాన్ని అసలు అమ్మకానికి పెట్టవచ్చా అన్నది తేలాలి. ఆర్థిక వ్యవస్థను మానవ హక్కుల వైపు నుంచి చూడటంలో కీలకం ఇదే. మార్కెట్ లెక్క ప్రకారం కొండలో ఖనిజం ఉంటే అది ఎక్కువ లాభానికి తవ్వగలవారి చేతికి చేరాలి. ఆ కొండవాలున పోడు చేసుకునే కుటుంబం నష్టపరిహారం పద్దులో ఒక అంకె అవుతుంది. భూమి, శ్రమ, డబ్బు అమ్మకానికి పుట్టిన సరుకులు కావనీ, వాటిని సరుకులుగా నడిపితే సమాజమే ఛిద్రమవుతుందనీ ఆర్థిక చరిత్రకారుడు కార్ల్ పొలానీ 1944లో వాదించాడు. పెట్టుబడిదారీ విధానంపై వచ్చిన విమర్శల్లో నేటికీ పదును తగ్గనిది ఇది.

ధర కన్నా హక్కు ముందన్న మాటకు తెలుగు నేలమీద గట్టి ఉదాహరణ, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో వచ్చిన సమత తీర్పు. విశాఖ మన్యంలో, అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రభుత్వం ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా 1970 నాటి భూబదిలీ నిబంధన (‘1/70 చట్టం’) అప్పటికే అడ్డుగా ఉంది. అది వ్యక్తులకే గానీ ప్రభుత్వానికి వర్తించదని సర్కారు వాదన. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఆ నిబంధనలోని ‘వ్యక్తి’లో ప్రభుత్వమూ చేరుతుందని, ప్రైవేటు లీజులు చెల్లవని మెజారిటీ తీర్పు. పరిశ్రమలు నికర లాభంలో కనీసం 20 శాతాన్ని ఆ ప్రాంత బడులు, ఆసుపత్రులు, రోడ్లు వంటి వాటికి కేటాయించాలనీ చెప్పింది. గిరిజనుల బతుకుదెరువును ఇక్కడ న్యాయస్థానం దానంగా చూడలేదు, జీవించే హక్కులో భాగంగా చూసింది. ఆ తేడా చాలా పెద్దది.

అయితే తీర్పుతో పోరు ముగియలేదు. ప్రభుత్వ సంస్థలు గనులు తవ్వే దారి తెరిచే ఉంది. 2001లో బాల్కో అల్యూమినియం సంస్థ ప్రైవేటీకరణ కేసులో సుప్రీంకోర్టే ఈ తీర్పుపై సందేహాలు వెలిబుచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పీసా చట్టం భూసేకరణకు ముందు గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని సంప్రదించాలంటుంది. సంప్రదింపు వేరు, సమ్మతి వేరు. కాదనే అధికారం లేని చోట హక్కు సగమే.

అర్థశాస్త్రం చదివేవారు సమత తీర్పును పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకుని చదవాలి. ఏ ప్రాజెక్టు నివేదిక చేతికొచ్చినా, లాభనష్టాల పట్టిక తెరిచేముందు గ్రామసభ తీర్మానం ఎక్కడని అడగాలి.