షేర్లూ ఆయనవే, బిల్లూ ఆయనదే

ప్రశ్న: అమెరికా కాంగ్రెస్ సభ్యులు వైద్య కంపెనీల షేర్లు కొంటూనే ఆరోగ్య చట్టాలు చేయవచ్చా?

జవాబు: చేయవచ్చు. 2012 నాటి స్టాక్ యాక్ట్, పదవి వల్ల తెలిసిన రహస్య సమాచారంతో లాభపడటాన్ని నిషేధించింది, లావాదేవీలను 45 రోజుల్లోగా వెల్లడించమంది. షేర్లు కొనడాన్ని మాత్రం ఆపలేదు. 2016లో కాంగ్రెస్ సభ్యుడు టామ్ ప్రైస్ పేరిట, కృత్రిమ కీళ్లు తయారుచేసే జిమ్మర్ బయోమెట్ కంపెనీ షేర్లు కొన్న కొద్దిరోజులకే, కీలు మార్పిడి చికిత్సలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ తెస్తున్న కొత్త చెల్లింపు పద్ధతిని వాయిదా వేయాలనే బిల్లును ఆయనే ప్రవేశపెట్టారు. కొన్నది బ్రోకరని, అప్పుడు తనకు తెలియదని ఆయన వివరణ. నిజమే కావచ్చు. అయితే రుజువూ దొరకక, అనుమానమూ తీరని ఇలాంటి చోట వెల్లడి ఒక్కటే చాలదు. సభ్యులకూ పొదుపు చేసుకునే హక్కు లేదా అంటారు. ఉంది, దానికి మ్యూచువల్ ఫండ్లు చాలు. పదవిలో ఉన్నన్నాళ్లూ విడి కంపెనీల షేర్లను నిషేధించడమే సరైన పరిష్కారం.