వేపగింజలోని చేదు - పురుగుపై అది పనిచేయు తీరు

వేపచెట్టు నెరుగని రైతు లేడు. ఉగాదినాడు వేపపూత తినుట, ధాన్యపు గాదెలో ఎండిన వేపాకు వేయుట మన పెద్దలనాటి అలవాట్లు. అయినను వేపగింజల కషాయము చల్లిన రైతు సోదరులలో పలువురు, “మరునాడు చూచితిమి, పురుగు చావలేదు” అని దానిని విడిచి ఖరీదైన మందులకు పోవుచున్నారు. దోషము వేపలో లేదు. అది పనిచేయు తీరు వేరు. ఆ తీరు తెలిసినచో ఎప్పుడు చల్లవలెనో, ఎట్లు తయారు చేయవలెనో మీకే బోధపడును.

చేదునకు మూలము

వేపగింజ పప్పులో చేదు పదార్థములు పెక్కు గలవు. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ అను శాస్త్రజ్ఞుడు వేపనూనె నుండి నింబిన్ అను పదార్థమును వేరుచేసెను. పురుగులపై మిక్కిలి ప్రభావము గల అజాడిరక్టిన్‌ను 1968లో ఇంగ్లండునందు బటర్‌వర్త్, మోర్గన్ అనువారు వేరుచేసిరి. దీని నిర్మాణము ఎంత చిక్కైనదనగా, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు దానిని ప్రయోగశాలలో తయారుచేయుటకు 22 సంవత్సరములు కృషి చేసి, 2007లో కృతకృత్యులైరి. అట్టి పదార్థమును మీ గట్టుమీది చెట్టు ఏటేటా ఇచ్చుచున్నది. ఇది ఆకులో స్వల్పము, గింజ పప్పులో హెచ్చు. కావున ఆకు రసముకంటె గింజల కషాయము మేలు.

పురుగుపై ప్రభావము

మొదటిది, తిండి మాన్పించుట. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో డాక్టర్ ప్రధాన్, ఆయన సహచరులు వేపపప్పు నీటిని పైరుపై చల్లి చూచిరి. మిడతలు ఆ పైరును తినక విడిచిపెట్టినవి.

రెండవది, ఎదుగుదలను ఆపుట. లద్దెపురుగు పెరుగుటకు ఐదారుసార్లు కుబుసము విడువవలెను. ఇందుకు దాని శరీరములో ఒక రసము సమయమునకు ఊరవలెను. అజాడిరక్టిన్ ఈ ఏర్పాటును చెరచును. కుబుసము విడువలేక పురుగు కొన్ని దినములలో చచ్చును.

మూడవది, సంతతిని తగ్గించుట. చేదు సోకిన ఆకులపై తల్లి పురుగులు గ్రుడ్లు పెట్టుటకు వెనుకాడును. పెట్టు గ్రుడ్లును తగ్గును.

కావున మరునాడు చచ్చిన పురుగులను లెక్కింపకుడు. ఆకుపై క్రొత్త కొరుకుళ్ళు తగ్గినవా లేదా అని చూడుడు. చావు కనబడుటకు మూడు మొదలు ఏడు దినములు పట్టవచ్చును. ముదిరిన పురుగులపై దీని ప్రభావము తక్కువ. గ్రుడ్లు, చిన్న పురుగులు కనబడినప్పుడే చల్లవలెను.

తయారు చేయు విధము

వేసవి చివర, తొలకరి నాళ్ళలో రాలిన పండిన కాయలను ఏరి, గుజ్జు తీసి, కడిగి, నీడలో బాగుగా ఆరబెట్టవలెను. గోనె సంచులలో గాలి తగులు చోట నిలువ చేయవలెను. ప్లాస్టిక్ సంచులలో చెమ్మ చేరి బూజు పట్టును. బూజు పట్టిన గింజలు, ఏడాది దాటిన గింజలు పనికిరావు.

5 శాతము కషాయమునకు:

1. గింజ పప్పు 5 కిలోలు పొడిగా దంచవలెను.
2. 10 లీటర్ల నీటిలో రాత్రంతయు నాననిచ్చి, ప్రొద్దున బాగుగా కలిపి, పలుచని గుడ్డలో వడియగట్టవలెను.
3. 100 గ్రాముల సబ్బుపొడి కరిగించి కలిపి, మొత్తము 100 లీటర్లు అగునట్లు నీరు చేర్చవలెను. సబ్బు వలన మందు ఆకునకు అంటుకొనును.

పేరు కషాయమే గాని దీనిని కాచరాదు. వేడికి అజాడిరక్టిన్ చెడును. ఎండకును చెడును. కావున ఏ దినము వడియగట్టినది ఆ దినమే, సాయంత్రపు వేళ చల్లవలెను. ఆకు అడుగు భాగము కూడ తడియవలెను. పురుగు మరల కనబడినచో 7 మొదలు 10 దినములకు తిరిగి చల్లవలెను.

దుకాణములో కొన్నచో సీసాపై అజాడిరక్టిన్ ఎంత గలదో చదువుడు. 300 పి.పి.ఎం., 1500 పి.పి.ఎం., 10000 పి.పి.ఎం. అని వేర్వేరు బలములు గలవు. మోతాదులు కూడ వేరే. 1500 పి.పి.ఎం. మందును సాధారణముగా లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలుపుదురు.

మేలు, జాగ్రత్తలు

సాలీళ్ళు, అక్షింతల పురుగులు ఆకు తినవు. పైరును తిను పురుగులను తినును. అందుచేత ఘాటైన మందులకంటె వేప వలన వీటికి హాని తక్కువ. అయినను చెట్టుమందు గదా యని అజాగ్రత్త కూడదు. చేపల చెరువులలో కలియనీయకుడు. వేపనూనెను పసిబిడ్డలకు త్రాగించుట ప్రాణాపాయము.

పురుగు ఉద్ధృతమై, పెద్దదై పైరును నాశనము చేయుచున్నప్పుడు వేప ఒక్కటే చాలదు. అప్పుడు మండల వ్యవసాయాధికారి సలహా పొందుడు.

గ్రామాధికారులకు ఒక మనవి. బాటల ప్రక్కల, బడి ఆవరణలలో ఏటా రాలి మట్టిపాలగు గింజలను ఏరించి, గ్రామములో ఒకచోట నిలువ చేయింపుడు. 10 కిలోల పప్పుతో 200 లీటర్ల కషాయమగును. అది ఎదిగిన పైరు ఒక ఎకరమునకు సరిపోవును. వానాకాలపు పంటపై తొలి గ్రుడ్లు కనబడునాటికి పప్పు సిద్ధముగా నున్న ఊరు మందుల ఖర్చులో చాల భాగము మిగుల్చుకొనగలదు.