అచ్చుకు తొందరపడకు, తల్లీ

శ్రీకాకుళం

చిరంజీవి మాధవికి,

కర్ణాటకలోని బైలకుప్పె శరణార్థి సెటిల్‌మెంట్‌కు వెళ్ళొచ్చి టిబెటన్ల మీద నువ్వు రాసిన కవితలు అందాయి. నీ భాషలో మంచి నడక ఉంది. అయినా వాటిని ఇప్పుడే పుస్తకంగా వేయవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం. నీ కవితల నిండా మంచు, ప్రార్థన జెండాలు, కన్నీళ్ళు ఉన్నాయి. ఆ మనుషులు ఏ పని చేసి పొట్ట పోసుకున్నారో, జేబులో ఏ కాగితం పెట్టుకు తిరుగుతారో మాత్రం ఎక్కడా కనబడలేదు. అది తెలియాలంటే ముందు టిబెటన్ కవి తెన్జిన్ సుందూని చదువు.

1959లో దలైలామా లాసా విడిచి మన దేశం వచ్చాక వేల మంది టిబెటన్లు కొండలు దాటి వచ్చేశారు. వాళ్ళలో చాలామందికి దొరికింది హిమాలయాల్లో రోడ్డు కూలిపని. సుందూ అమ్మానాన్నలు కూడా అలా కులూ, మనాలీ వైపు రోడ్లు వేసినవాళ్ళే. చలిదేశం నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడి ఎండకూ వానకూ, చాలీచాలని తిండికీ తట్టుకోలేక ఎందరో చనిపోయారు. పని ముందుకు జరిగే కొద్దీ శిబిరమూ జరిగేది. అలాంటి ఒక రోడ్డు పక్క శిబిరంలో సుందూ పుట్టాడు. ఆ తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. తర్వాత మూడు ఆఫీసులు మూడు తేదీలు వేశాయి. పుట్టినరోజు ఎప్పుడూ చేసుకోలేదని అతనే రాసుకున్నాడు.

ఆ సంగతి 'మై కైండ్ ఆఫ్ ఎగ్జైల్' అనే వ్యాసంలో ఉంది. 2001లో దానికి ఔట్‌లుక్-పికడోర్ బహుమతి వచ్చింది. చదివేటప్పుడు ఒకటి గమనించు. తన దుఃఖం ఎంత పెద్దదో అతను వర్ణించడు. ఏ ఆఫీసులో ఏం రాశారో చెప్తాడు, మిగతాది మనకే తెలుస్తుంది. ఈ గడ్డ మీదే పుట్టినా చాలామంది టిబెటన్ల చేతిలో ఉండేది విదేశీయుల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. గడువు తీరినప్పుడల్లా దాన్ని రెన్యువల్ చేయించుకోవాలి. నీ పన్నెండు పంక్తుల కన్నీటి కంటే ఆ కాగితం గురించి ఒక్క నిజమైన వాక్యం బలంగా ఉంటుంది.

సుందూ మద్రాసు లయోలా కాలేజీలో డిగ్రీ చదివాడు. అమ్మానాన్నల నోట విన్న దేశాన్ని కళ్ళారా చూడాలని 1997లో ఒంటరిగా, కాలినడకన లదాఖ్ వైపు నుంచి సరిహద్దు దాటాడు. చైనా పోలీసులు పట్టుకుని మూడు నెలలు జైల్లో ఉంచి, తిరిగి ఇటు పంపేశారు. అంత సాహసం నిన్ను చేయమనను. కానీ విన్నదాన్ని వెళ్ళి చూసుకునే పట్టుదల కవికి ఉండి తీరాలని మాత్రం నమ్ముతాను.

ఆ తర్వాత బొంబాయిలో ఎం.ఏ. చదువుతూ, తోటి విద్యార్థుల దగ్గర అప్పు చేసి 1999లో తొలి కవితా సంపుటి 'క్రాసింగ్ ది బోర్డర్' వేశాడు. తన పుస్తకాలు తానే మోసుకెళ్ళి పాఠకులకు అమ్ముతాడు. నువ్వు కూడా ఆవిష్కరణ సభ గురించీ, ముందుమాట ఎవరు రాస్తారన్న దాని గురించీ ఇప్పుడే ఆలోచించకు. నీ కవితను ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పెట్టి, ఎదురుగా నిలబడగలవా అని ఆలోచించు.

2002లో చైనా ప్రధాని ఝూ రోంగ్‌జీ బొంబాయి వచ్చినప్పుడు ఆయన ఉన్న హోటల్ భవనం పద్నాలుగో అంతస్తు దాకా ఎక్కి సుందూ టిబెట్ జెండా ఎగరేశాడు. 2005లో అప్పటి చైనా ప్రధాని వెన్ జియాబావో బెంగళూరు వస్తే అక్కడి సైన్స్ ఇన్‌స్టిట్యూట్ భవనం మీద నుంచి బ్యానరు వేలాడదీశాడు. టిబెట్‌కు స్వేచ్ఛ వచ్చేదాకా తియ్యనని నుదుటికి ఎర్ర గుడ్డ కట్టుకున్నాడు. ఆ దారి అందరికీ నచ్చాలని లేదు. కానీ రాసిన మాటకు కట్టుబడి బతుకుతున్నాడు. అందుకే అతని మాటకు అంత బరువు.

నువ్వు సుందూలా ప్రవాసంలో పుట్టలేదు. అది నీ తప్పు కాదు, వాళ్ళ గురించి రాయకూడదనీ నేననను. అయితే వాళ్ళ దుఃఖాన్ని 'నేను' అంటూ నీ గొంతులో పలికించకు. విన్నదాన్ని విన్నట్టు, చూసినదాన్ని చూసినట్టు రాయి. మళ్ళీ బైలకుప్పె వెళ్ళు. ఫోన్ లోపల పెట్టి, పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, మొదట్లో ఏ పని చేశారో, కూలి ఎంత వచ్చేదో అడుగు. చలికాలంలో మన ఊళ్ళలో స్వెట్టర్లు అమ్మడానికి వచ్చే టిబెటన్లతోనూ మాట్లాడు. మనకు దగ్గర్లోనే, పర్లాకిమిడి అవతల, ఒడిశా చంద్రగిరిలో 1963 నుంచి వాళ్ళ సెటిల్‌మెంట్ ఉంది.

దసరా సెలవులకు వస్తే ఇద్దరం చంద్రగిరి వెళ్దాం. ఈలోగా సుందూ పుస్తకం 'కోరా' తెప్పించుకుని చదువు. ఆ తర్వాత నీ కవితల్లో ఏవి ఉంచాలో, ఏవి తీసెయ్యాలో నేను చెప్పనక్కరలేదు, నీకే తెలుస్తుంది. మిగిలినవి ఎన్నైనా సరే, వాటిని అచ్చు వేయించే ఖర్చు నాది.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న