దేశాటనంలో తోడు

ఉద్దేశం

ప్రాచీన కావ్యంలోను, యాత్రారచనలోను, ఆధునిక చలనచిత్రంలోను కనిపించే ప్రయాణాలను పోల్చి చూడడం; అపరిచిత దేశంలో స్నేహితునితో కలిసి పర్యటించేవారికి ఉండవలసిన బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రక్రియ

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందింది. ఒక విషయాన్ని తీసుకొని, దానికి తగిన ఉదాహరణలను చూపుతూ, క్రమపద్ధతిలో వివరించి ఒక నిర్ణయానికి రావడం వ్యాస లక్షణం.

పాఠ్యభాగం

మన పెద్దలు దేశాటనాన్ని విద్యలో ఒక భాగంగా ఎంచారు. గ్రంథం చదివి తెలుసుకొన్నది ఒక ఎత్తు, కాలినడకన తిరిగి తెలుసుకొన్నది మరొక ఎత్తు. తెలియని దేశంలో అడుగుపెట్టిన మనిషికి భాష కొత్త, దారి కొత్త, ఆహారం కొత్త, ఆచారం కొత్త. వీటన్నింటికంటె కొత్తగా తోచేది తన స్వభావమే. ఇంట ఉన్నంతకాలం బయటపడని భయం, మొండితనం, తొందరపాటు, ఓర్పు అక్కడ ఒక్కొక్కటిగా వెలికి వస్తాయి. వాటిని మనిషి తనంతట తాను గుర్తించడం కష్టం. గుర్తించి చెప్పగలిగేవాడు పక్కన నడిచే స్నేహితుడు. ఈ సంగతిని కొన్ని యాత్రల ఆధారంగా పరిశీలిద్దాం.

తోడు లేని ప్రవరుడు

తెలుగు కావ్యాలలో ప్రసిద్ధమైన హిమాలయ యాత్ర ప్రవరునిది. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రలో ఈ కథ ఉన్నది. అరుణాస్పదపురంలో నివసించే ప్రవరుడు నిత్యాగ్నిహోత్రి, అతిథిసేవా తత్పరుడు. తీర్థాలను చూడాలన్న కోరిక అతనికి మిక్కుటం. ఒకనాడు ఇంటికి వచ్చిన సిద్ధుడు ఇచ్చిన పాదలేపనం మహిమతో అతడు క్షణంలో హిమగిరిని చేరుకొన్నాడు. అక్కడి సౌందర్యం చూసి మైమరచి తిరిగాడు. ఎండవేడిమికి కరిగిన మంచులో పాదాలకు పూసుకొన్న లేపనం కాస్తా కరిగిపోయింది. ఇక ఇంటికి చేరే ఉపాయం లేదు.

పాదలేపనాన్ని ఆనాటి విమానమని అనుకొంటే ప్రవరుని పొరపాటు మనకు బాగా అర్థమవుతుంది. వెళ్ళే మార్గం గురించి ఆలోచించినంతగా అతడు తిరిగివచ్చే మార్గం గురించి ఆలోచించలేదు. “పొద్దెక్కుతున్నది, ఇక మరలుదాం” అని హెచ్చరించే తోడు కూడా అతనికి లేదు. వరూధిని ఎదురైనప్పుడు కూడా అతడు మొదట అడిగినది ఇంటికి దారే. చివరకు అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరాడు. ఆత్మనిగ్రహం ప్రవరుని శీలాన్ని కాపాడింది. కాని దారి తప్పకుండా కాపాడడానికి ఆ నిగ్రహం ఒక్కటే చాలలేదు.

ఊరిలో ఉన్న మిత్రుడు

పంతొమ్మిదవ శతాబ్దానికి వస్తే, ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర మనకు కనిపిస్తుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామి 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. వెంట కుటుంబం, పరివారం కలిసి సుమారు వందమంది ఉన్నారు. రైలు లేని కాలం అది. పల్లకీ మీద, పడవల మీద, కాలినడకన పదిహేను నెలలకు పైగా ఆ బృందం ప్రయాణించింది. దారిలో హైదరాబాదు నగరాన్ని కూడా ఆయన చూశాడు.

ఇంతమంది వెంట ఉన్నా, వీరాస్వామి తన మనసు విప్పి చెప్పుకొన్నది మద్రాసులోనే ఉండిపోయిన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు. ప్రతి మజిలీలో చూసిన వింతలు, బాటల స్థితి, నదులు, బసలు, ప్రజల ఆచారాలు రాసి ఆయనకు పంపుతూ వచ్చాడు. వీరాస్వామి 1836లో మరణించాడు. 1838లో ఆ రచన ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. మిత్రునికి చెప్పాలన్న తపన ఉండడంవల్ల వీరాస్వామి ప్రతిదానిని శ్రద్ధగా చూశాడు. చూసినదానిని మరచిపోకముందే రాశాడు. తెలుగులో యాత్రారచనకు పునాది వేసిన గ్రంథం ఈ విధంగా స్నేహం మూలంగా వెలసింది.

ఫిలింనగర్ నుంచి దూధ్‌కోసికి

మన కాలంలో కథలు చెప్పే బాధ్యతను చలనచిత్రం చాలావరకు స్వీకరించింది. ఒకప్పుడు మద్రాసు కేంద్రంగా ఉన్న తెలుగు చిత్రపరిశ్రమ క్రమంగా హైదరాబాదుకు తరలివచ్చింది. 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమైంది. 1989లో ఫిలింనగర్‌లో రామానాయుడు స్టూడియో వెలసింది. బండరాళ్ళతో నిండిన జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలు తెలుగు సినిమాకు చిరునామాగా మారాయి. ఎక్కడెక్కడి పల్లెలనుంచో యువకులు ఒక సంచితో, ఒక మిత్రునితో బయలుదేరి, కొండ దిగువన ఉన్న కృష్ణానగర్‌లో ఒకే గదిని పంచుకొంటూ అవకాశాలకోసం తిరుగుతారు. వారికి ఆ వీధులే ఒక తెలియని దేశం.

ఈ పరిశ్రమనుంచి వచ్చిన ‘ఎవడే సుబ్రహ్మణ్యం’ అనే చిత్రం మన విషయానికి చాలా దగ్గరగా ఉంటుంది. నాగ్ అశ్విన్ దర్శకత్వం వహించిన తొలి చిత్రమిది. 2015 మార్చి 21న విడుదలైంది. సుబ్రహ్మణ్యంగా నాని, అతని చిన్ననాటి స్నేహితుడు రిషిగా విజయ్ దేవరకొండ, ఆనందిగా మాళవిక నాయర్ నటించారు. సుబ్రహ్మణ్యానికి పదవి, సంపద తప్ప మరొక ధ్యాస లేదు. రిషి స్వభావం ఇందుకు పూర్తిగా భిన్నం. హిమాలయాలలోని దూద్‌కాశీకి ఇద్దరం కలిసి వెళ్దామని రిషి అతణ్ణి పదేపదే కోరుతాడు. సుబ్రహ్మణ్యం వాయిదా వేస్తూ వస్తాడు. ఇంతలో ప్రమాదంలో రిషి మరణిస్తాడు. కలిసి చేయవలసిన యాత్రను సుబ్రహ్మణ్యం మిత్రుని అస్థికలతో, ఆనంది తోడుగా చేయవలసి వస్తుంది.

రిషి బతికి ఉన్నప్పుడు చెప్పిన మాటలను సుబ్రహ్మణ్యం లెక్కచేయలేదు. అతడు లేని దారిలో ఆ మాటలే తోడై నడిచాయి. ‘నీవెవరు?’ అన్న ప్రశ్నను ఈ చిత్రం తన పేరులోనే నిలుపుకొన్నది. ఆ ప్రశ్న అడిగే అధికారం స్నేహితునికి ఉన్నది.

చిత్రంలోని దూద్‌కాశీ అనే పేరు నేపాల్‌లో ప్రవహించే దూధ్‌కోసి నదిని గుర్తుచేస్తుంది. దూధ్ అంటే పాలు, కోసి అంటే నది. హిమానీనదాలు రాళ్ళను ఒరుసుకొంటూ కదిలినప్పుడు ఏర్పడే సన్నని పొడి నీటిలో కలిసి, ఆ నది పాలవలె తెల్లగా కనబడుతుంది. ఎవరెస్టు ప్రాంతంలో పుట్టిన ఈ నీరు సున్‌కోసిలో కలిసి, ఆపై సప్తకోసిగా బీహారులో ప్రవేశించి గంగను చేరుతుంది. ఈ చిత్రంకోసం యూనిట్ ఎవరెస్టు బేస్‌క్యాంపు ప్రాంతానికి వెళ్ళి చిత్రీకరణ జరిపింది. చిత్రం విడుదలైన నెల తరువాత, 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో సంభవించిన భూకంపంలో దాదాపు తొమ్మిదివేలమంది మరణించారు. ఆ రోజున బేస్‌క్యాంపుపై కూడా మంచుచరియలు విరుచుకుపడ్డాయి. తెరమీద అందంగా కనిపించే కొండ ఎంత కఠినమైనదో ఈ సంఘటన తెలుపుతుంది.

కొండదారిలో స్నేహధర్మం

ఈ చిత్రం చూసి వీపున సంచి తగిలించుకొని ఇద్దరు మిత్రులు ఆ దారిలో బయలుదేరారని అనుకొందాం. వారు ఏమి తెలుసుకోవాలి?

హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. కాఠ్మాండూ వైపునుంచి చిన్న విమానంలో లుక్లా చేరితే ఎత్తు 2,800 మీటర్లు దాటుతుంది. అక్కడినుంచి పైకి మోటారు బండ్లు పోయే దారి లేదు. బరువులు మోసేవి మనుషుల వీపులు, పశువుల వీపులు. నామ్చే బజారు 3,440 మీటర్ల ఎత్తున, బేస్‌క్యాంపు 5,364 మీటర్ల ఎత్తున ఉన్నాయి. బేస్‌క్యాంపు వద్ద ఒక్కొక్క శ్వాసలో లభించే ప్రాణవాయువు సముద్రతీరంలో లభించేదానిలో దాదాపు సగమే.

శరీరం ఈ మార్పుకు అలవాటు పడడానికి వ్యవధి కావాలి. 3,000 మీటర్లు దాటిన తరువాత, రాత్రి నిద్రించే చోటును రోజుకు 500 మీటర్లకంటె ఎక్కువగా పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు విశ్రమించాలని వైద్యులు చెబుతారు. తలనొప్పి, వికారం, నిద్రలేమి, విపరీతమైన అలసట ఎత్తువల్ల కలిగే జబ్బుకు తొలి గుర్తులు. ఈ గుర్తులు కనబడినప్పుడు ఇంకా పైకి పోరాదు. జబ్బు ముదిరి మెదడుకు సోకితే అడుగులు తడబడతాయి, మాట పొంతన తప్పుతుంది. అప్పుడు ఆలస్యం చేయక కిందికి దిగవలసిందే. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు.

ఇక్కడే స్నేహానికి అసలైన పరీక్ష ఎదురవుతుంది. జబ్బుపడినవానికి తన స్థితి తనకు తెలియదు. “నాకేమీ కాలేదు, పద” అంటాడు. ఇంత దూరం వచ్చాము, ఇంత ఖర్చుపెట్టాము, శిఖరం ఎదురుగానే ఉన్నది అన్న ఆశ ఇద్దరినీ లాగుతుంది. ఆ క్షణంలో మిత్రుని మెప్పుకోసం తల ఊపేవాడు ప్రమాదకారి. “ఒరే, వెనక్కి పోదాం” అని కోపం భరించి చెప్పేవాడు, చెప్పి తాను కూడా వెంట దిగివచ్చేవాడు నిజమైన స్నేహితుడు.

ఆ దేశప్రజలపట్ల ప్రవర్తన కూడా యాత్రలో భాగమే. షేర్పా అనేది మోతగాండ్ర వృత్తికి పేరు కాదు. ‘తూర్పు ప్రజలు’ అనే అర్థం గల ఒక జాతి పేరు. మనం అన్నా, అక్కా అని పిలిచినట్లే నేపాలీలు దాయి, దీదీ అని పిలుస్తారు. ఆ రెండు మాటలు నేర్చుకొన్న యాత్రికునికి పరాయితనం కొంత తగ్గుతుంది. మంత్రాలు చెక్కిన రాతిగోడలు ఎదురైతే వాటిని కుడివైపున ఉంచుకొని నడవడం అక్కడి మర్యాద. మనకు ప్రదక్షిణం తెలిసినదే కాబట్టి ఇది కొత్త కాదు. బరువుతో వచ్చే జడలబర్రెలకు దారి ఇచ్చేటప్పుడు లోయవైపు కాక కొండవైపు ఒదిగి నిలవాలి.

ఒకే శిఖరం, ఇద్దరు బాలలు

2014 మే 25న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి ఎనిమిది రోజుల ముందు, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. పూర్ణది నిజామాబాదు జిల్లా పాకాల. ఆనంద్‌ది అప్పటి ఖమ్మం జిల్లా. అప్పటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు. వారి శిక్షణ భువనగిరి బండపై మొదలై, డార్జిలింగ్, లడఖ్ పర్వతాలలో సాగింది. ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపున మంచుచరియలు విరిగిపడి 16 మంది నేపాలీ పర్వతసహాయకులు మరణించారు. పూర్ణ, ఆనంద్ టిబెట్ వైపునుంచి ఎక్కారు. వారిద్దరికి అది మాట తెలియని, మంచు తప్ప మరేమీ లేని పరాయి నేల. కలిసి పొందిన అభ్యాసం, శిక్షకుల మార్గదర్శనం, ఒకరికొకరు తోడుగా ఉండడం వారి విజయానికి సాయపడ్డాయి.

ప్రవరునికి తోడు లేదు. వీరాస్వామికి తోడు దూరాన ఉన్న ఊరిలో ఉన్నది. సుబ్రహ్మణ్యానికి తోడు జ్ఞాపకంగా మిగిలింది. పూర్ణకు, ఆనంద్‌కు తోడు పక్కనే నడిచింది. విద్యార్థులు రేపు చదువుకోసమో, ఉద్యోగంకోసమో, వినోదంకోసమో తెలియని దేశానికి వెళ్ళవచ్చు. అప్పుడు సంచిలో ఏమి సర్దుకోవాలో ఆలోచించేముందు, తమకు నిజం చెప్పగల మిత్రుడు ఎవరో ఆలోచించాలి. అవసరమైనప్పుడు ఆ మిత్రునికి నిజం చెప్పే ధైర్యం తమకు ఉన్నదో లేదో కూడా పరీక్షించుకోవాలి.

కఠిన పదాలు – అర్థాలు

దేశాటనం : దేశాలు తిరగడం
అపరిచిత : తెలియని, పరిచయం లేని
మిక్కుటం : అధికం
పాదలేపనం : పాదాలకు పూసుకొనే పసరు
దుబాసీ : రెండు భాషలు తెలిసి అనువదించి చెప్పేవాడు
మజిలీ : ప్రయాణంలో ఆగే చోటు
హిమానీనదం : మెల్లగా కదిలే మంచురాశి
జడలబర్రె : హిమాలయాలలో బరువులు మోసే, పొడవైన వెంట్రుకలు గల పశువు

వ్యాకరణాంశాలు

దేశాటనం = దేశ + అటనం : సవర్ణదీర్ఘ సంధి
హిమాలయం = హిమ + ఆలయం : సవర్ణదీర్ఘ సంధి
ఒక్కొక్క = ఒక్క + ఒక్క : ఆమ్రేడిత సంధి
అతిథిసేవ : అతిథుల యొక్క సేవ : షష్ఠీ తత్పురుష సమాసం

I. సందర్భసహిత వ్యాఖ్యలు

1. ఇక ఇంటికి చేరే ఉపాయం లేదు.
2. ఆ ప్రశ్న అడిగే అధికారం స్నేహితునికి ఉన్నది.
3. ఆ క్షణంలో మిత్రుని మెప్పుకోసం తల ఊపేవాడు ప్రమాదకారి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. వీరాస్వామి రచన వెలువడడానికి స్నేహం ఎలా కారణమైంది?
2. దూధ్‌కోసి నది తెల్లగా కనబడడానికి కారణం ఏమిటి?
3. ఎత్తువల్ల కలిగే జబ్బు తొలి గుర్తులు ఏవి?

III. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. ప్రవరుని యాత్రను, సుబ్రహ్మణ్యం యాత్రను పోల్చి వివరించండి.
2. తెలియని దేశంలో పర్యటించే స్నేహితులు పాటించవలసిన ధర్మాలను పాఠం ఆధారంగా విశదీకరించండి.

IV. ప్రాజెక్టు పని

మీ ప్రాంతానికి దూరంగా ఉన్న ఒక చోటికి మిత్రునితో చేసిన ప్రయాణాన్ని గాని, చేయదలచిన ప్రయాణాన్ని గాని, ఊరిలో ఉన్న మరొక మిత్రునికి లేఖగా రాయండి.