నూతనమైనంత మాత్రమున చాలునా? – పేటెంటు అప్పీలులో నిపుణుని పరీక్ష

"ఇది మన గ్రంథములలో ఉన్నదే, దీనిపై పరదేశీయునికి పేటెంటు ఎట్లు లభించినది?" అని మన వైద్యులు తరచు ఆవేదన చెందుదురు. ఆవేదన న్యాయమైనదే. కాని అప్పీలు విచారించువారు రెండు ప్రశ్నలను వేరుగా చూతురు. విషయము నూతనమా? నూతనమైనను, ఆ విద్య తెలిసిన సామాన్య నిపుణునికి సహజముగా తోచునదేనా? రెండవదియే కఠినము.

వేపనూనె వ్యవహారము చూడుడు. పైరులపై బూజు తెగుళ్ళను నివారించు వేపనూనె విధానమునకు అమెరికా వ్యవసాయ శాఖకును, డబ్ల్యు. ఆర్. గ్రేస్ సంస్థకును యూరోపియన్ పేటెంటు కార్యాలయము 1994లో పేటెంటు నిచ్చినది. వందనా శివ ప్రభృతులు 1995లో అభ్యంతరము తెలిపిరి. 2000లో అది రద్దయినది. దానిపై వచ్చిన అప్పీలును 2005 మార్చిలో తోసివేసిరి.

ఆ కార్యాలయమున పరీక్షా క్రమము మన నిదానమును పోలియుండును. దరఖాస్తు తేదీకి ముందున్న జ్ఞానములో దీనికి మిక్కిలి దగ్గరది ఏది? దానికిని దీనికిని భేదమేమి? ఆ భేదము వలన తీరిన సమస్య ఏది? ఆ సమస్య ఎదురైన నిపుణుడు ఈ మార్గమునే పట్టియుండునా? ఇచ్చట "పట్టగలడా" అని అడుగరు, "పట్టియుండునా" అని అడుగుదురు. ఉదాహరణకు, వేపనూనె నీటిలో కలియదు; కలియుటకు సబ్బునీరు చేర్చుట మన రైతు ఎరిగినదే. అట్టి చేర్పు ఒక్కటే భేదమైనచో అది తోచునదే యని నా అభిప్రాయము.

అయితే మనవారిలోను ఒక దోషమున్నది. రోగము కుదిరిన పిదప చికిత్స సులభముగానే కనబడును. ఫలితము తెలిసిన తరువాత వెనుకకు చూచి "ఇందులో ఏమున్నది" అనుట పరీక్ష కాదు. చరకుడు యుక్తిని ప్రమాణములలో ఒకటిగా చెప్పినాడు. అనేక కారణముల కూడికను ఎరిగి కార్యమును సాధించు బుద్ధి అది. నిజమైన యుక్తి ఎవరిదైనను దానిని గౌరవింపవలెను.

మన పేటెంటు చట్టములోని 3(ఇ) విభాగము ప్రకారము, ద్రవ్యములను కలిపినపుడు వాని గుణములు కేవలము ప్రోగుపడినచో పేటెంటు లేదు. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు కలిపి, మూడింటి వేరువేరు గుణములనే చెప్పినచో చాలదు. కూడికవలన అధికఫలము కలిగినదని పరీక్షలతో చూపవలెను. చూపినను 3(పి) విభాగము మిగిలియుండును. సంప్రదాయ జ్ఞానమును, అందలి ద్రవ్యముల తెలిసిన గుణముల పునరుక్తిని అది నిరాకరించును. కంట్రోలరు ఉత్తర్వుపై అప్పీళ్ళు పూర్వము ప్రత్యేక బోర్డు వినెడిది. 2021లో అది రద్దయిన పిమ్మట హైకోర్టులు వినుచున్నవి.

కావున వైద్యులు చేయవలసిన పని యొకటి గలదు. తోచునదేనా యను వాదమునకు దరఖాస్తుకు ముందటి తేదీ గల ఆధారమే బలము. మన గ్రంథయోగములను ఆంగ్ల, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపాన్ భాషలలో పరీక్షకులకు అందించు సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయము ఇందుకే ఏర్పడినది. గ్రంథములకెక్కని ఇంటి యోగములున్నవారు ద్రవ్యము, పాలు, అనుపానము, వాడు రోగము స్పష్టముగా వ్రాసి, తేదీ కనబడునట్లు ముద్రింపించుడు. ముద్రించిన పిదప దానిపై తామే పేటెంటు కోరుట సామాన్యముగా సాధ్యపడదు గనుక, ఆ యోచన గలవారు ముద్రణకు ముందే న్యాయవాదిని సంప్రదింపవలెను.