పాత బండికి ఇంటి వైద్యం

ఎద్దును కొన్నవాళ్లు దాన్ని ఊరికే కట్టేసి వదిలెయ్యరు. మేత వేస్తారు. నీళ్లు పెడతారు. కుంటితే గిట్ట ఎత్తి చూస్తారు. నాడా అరిగితే కొత్తది కొట్టిస్తారు.

ఇప్పుడు చాలా ఇళ్లలో ఎద్దు లేదు, మోటారు సైకిలు ఉంది. పాలక్యాను దాని మీదే పోతుంది. ఎరువు బస్తా దాని మీదే వస్తుంది. బిడ్డకు జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకుపోయేదీ అదే. కాని ఎద్దును చూసుకున్నట్టు బండిని చూసుకునేవాళ్లు తక్కువ. అది ఆగిపోయిన రోజే దాని వైపు చూస్తారు.

హీరో హోండా సీడీ 100 బండి 1985లో వచ్చింది. స్ప్లెండర్ 1994లో వచ్చింది. ఇలాంటి పాత 100 సీసీ బళ్లు ఇంకా ఎన్నో ఊళ్లలో తిరుగుతున్నాయి. వీటికి చిన్న చిన్న పనులు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆడవాళ్లూ చేసుకోవచ్చు. దానికి పెద్ద బలం అక్కర్లేదు. చూసే కన్ను, చదివే అలవాటు, ఓపిక ఉంటే చాలు.

బండి ఎలా నడుస్తుంది?

పొయ్యి వెలగాలంటే మూడు కావాలి. కట్టె, నిప్పు, గాలి. బండికీ అంతే. పెట్రోలు కట్టె లాంటిది. ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తుంది. గాలి జల్లెడ గుండా గాలి లోపలికి పోతుంది. మూడూ కలిసి ఇంజను లోపల మండుతాయి. ఆ మంట పిస్టన్‌ను తోస్తుంది. ఆ బలం చైను ద్వారా వెనక చక్రానికి చేరుతుంది.

బండి స్టార్టు కాకపోతే ముందు ఈ మూడే చూడాలి. ట్యాంకులో పెట్రోలు ఉందా? పెట్రోలు ట్యాపు తిప్పి ఉందా? తక్కువగా ఉంటే రిజర్వుకు తిప్పారా? ప్లగ్గు టోపీ ఊడిందా? గాలి జల్లెడ మట్టితో మూసుకుపోయిందా? చాలాసార్లు తేడా ఇక్కడే దొరుకుతుంది.

పనికి ముందు జాగ్రత్త

పెట్రోలు ఆవిరి కంటికి కనపడదు. అది గాలి కంటే బరువు. నేల మీదుగా పాకుతుంది. దూరంగా ఉన్న పొయ్యినీ దీపాన్నీ అందుకోగలదు. అందుకే బండి పని వంటింటి దగ్గర చెయ్యకూడదు. పక్కన ఎవరూ బీడీ కాల్చకూడదు. పిల్లల్ని దూరంగా ఉంచాలి.

మూసిన గదిలో ఇంజను నడపకూడదు. సైలెన్సరు పొగలో విషవాయువు ఉంటుంది. దానికి వాసన ఉండదు. మనిషి తెలియకుండానే స్పృహ తప్పి చనిపోవచ్చు.

బండిని చదునైన నేల మీద, పెద్ద స్టాండు వేసి నిలపండి. ఇంజను ఆపండి. తాళం తీసి దగ్గర పెట్టుకోండి. కొంగు నడుముకు దోపుకోండి. మెడలో గొలుసు ఉంటే జాకెట్టు లోపలికి వేసుకోండి. పానాలు, స్క్రూడ్రైవరు, పాత గుడ్డ, కొంచెం కిరసనాయిలు దగ్గర ఉంచుకోండి. విప్పిన నట్లూ బోల్టులూ ఒక గిన్నెలో వరసగా వెయ్యండి. ఏది ముందు విప్పారో గుర్తుంటుంది.

ఆయిలు

ఇంజను లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. మధ్యలో ఆయిలు లేకపోతే అరిగిపోతుంది. ఆయిలు పూర్తిగా అయిపోతే ఇంజను పట్టేస్తుంది. అప్పుడయ్యే ఖర్చు పేద ఇంటికి మోయలేని ఖర్చు.

పదిహేను రోజులకు ఒకసారి ఆయిలు చూడండి. ఇంజనును కొద్ది నిమిషాలు నడిపి ఆపండి. కాసేపు ఆగండి. ఆయిలు మూత తిప్పి తీస్తే దానికి ఒక పుల్ల ఉంటుంది. దాన్ని గుడ్డతో తుడవండి. మళ్లీ లోపల పెట్టి తీయండి. చాలా బళ్లలో మూతను బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. పుల్ల మీద రెండు గీతలు ఉంటాయి. ఆయిలు ఆ రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీత కంటే తగ్గితే వెంటనే పోయాలి. పై గీత దాటి పోయకూడదు.

ఆయిలు ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో బండి పుస్తకంలో ఉంటుంది. పుస్తకం లేకపోతే పాత బండికి సుమారు 3,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చడం మంచిది. ఇలాంటి బండికి కొనే డబ్బా మీద 4టీ అని ఉందో లేదో చదివి కొనండి. కారు ఆయిలు పోస్తే క్లచ్చి జారవచ్చు.

తీసిన పాత ఆయిలును కాలవలోనో బావి దగ్గరో పారబోయకండి. అది నీళ్లను పాడు చేస్తుంది. కొందరు దాన్ని పశువుల పుండ్లకు రాస్తారు. అది తప్పు. అందులో ఒంటికి హాని చేసే పదార్థాలు ఉంటాయి. డబ్బాలో పట్టి మెకానిక్కు షెడ్డులో ఇవ్వండి. మీ చేతుల్ని సబ్బుతో కడుక్కోండి. ఆ డబ్బాను మళ్లీ వంటనూనెకు గాని నీళ్లకు గాని వాడకండి.

గాలి జల్లెడ, ప్లగ్గు

దుమ్ము రోడ్ల మీద తిరిగే బండికి గాలి జల్లెడ తొందరగా మూసుకుపోతుంది. గాలి అందక ఇంజను రొప్పుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. జల్లెడ స్పాంజిదైతే కిరసనాయిలుతో కడిగి, పిండి, ఆరబెట్టాలి. తరవాత కొంచెం ఆయిలు పట్టించి, గట్టిగా పిండి పెట్టాలి. కాగితపు జల్లెడనైతే కడగకూడదు. మెల్లగా తట్టి దుమ్ము రాల్చాలి. బాగా నల్లబడితే కొత్తది వెయ్యాలి.

ప్లగ్గును ఇంజను చల్లారాకే విప్పాలి. దాని కొన చూస్తే ఇంజను ఆరోగ్యం తెలుస్తుంది. కొన లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువగా, గాలి తక్కువగా అందుతున్నట్టు. ఆయిలుతో తడిసి ఉంటే లోపల ఆయిలు మండుతున్నట్టు. సైలెన్సరు నుంచి నీలం పొగ వచ్చినా అదే గుర్తు. అది మెకానిక్కు చూడాల్సిన జబ్బు.

చైను, చీరకొంగు

చైను చాలా వదులైతే ఊడిపోతుంది. చాలా బిగువైతే తొందరగా అరుగుతుంది, తెగుతుంది కూడా. చైను కవరుకు కింద ఒక రబ్బరు మూత ఉంటుంది. అది తీసి వేలితో చైనును పైకీ కిందికీ కదిపి చూడండి. ఇలాంటి బళ్లకు మొత్తం కదలిక 2 నుంచి 3 సెంటీమీటర్ల దాకా ఉండాలి. అంటే సుమారు ఒక అంగుళం.

ఇంజను నడుస్తుండగా చైను దగ్గర వేలు పెట్టకూడదు. గుడ్డ కూడా పెట్టకూడదు. చైను గుడ్డను లాగుతుంది, గుడ్డతోపాటు వేలును లాగుతుంది. ఇలా వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఇంజను ఆపి, బండిని న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చైను తుడవాలి.

చీర కట్టుకున్న ఆడవాళ్లు బండి వెనక ఒక పక్కకు కూర్చుంటారు. ఎక్కువగా ఎడమ వైపుకు కాళ్లు వేస్తారు. ఇలాంటి చాలా బళ్లకు చైను కూడా ఎడమ వైపే ఉంటుంది. కొంగు గాని చున్నీ గాని చక్రంలో పడితే మెడ బిగుసుకుంటుంది, మనిషి రోడ్డు మీద పడుతుంది. ప్రాణం పోవచ్చు. అందుకే బండికి చీర గార్డు ఉండాలి. అది వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి మెట్టు కూడా ఉండాలి. పాత బళ్లకు ఈ గార్డు తుప్పు పట్టి ఊడిపోతుంది. కొందరు అందం కోసం తీసేస్తారు. మీ ఇంటి బండికి గార్డు ఉందా? ఇవాళే చూడండి.

బ్రేకులు, టైర్లు

వెనక బ్రేకు పెడలును కాలితో నొక్కండి. 2 నుంచి 3 సెంటీమీటర్లు ఊరికే దిగి, తరవాత బ్రేకు పట్టాలి. అంతకంటే లోతుకు పోతే చక్రం దగ్గరున్న నట్టును కొంచెం బిగించాలి. బిగించాక చక్రాన్ని చేత్తో తిప్పండి. ఒరుసుకోకుండా తిరగాలి. చాలా బళ్లలో బ్రేకు డ్రమ్ము పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు ఆ బాణం ఎదురుగా ఉన్న గుర్తును చేరితే లోపలి బ్రేకు షూలు అరిగిపోయినట్టు. అప్పుడు బిగించి లాభం లేదు, షూలు మార్చాలి.

టైరు గాడులు అరిగి నున్నగా అయితే వానలో బండి జారుతుంది. గాడులు బాగున్నా పాతబడిన రబ్బరు గట్టిపడి పగులుతుంది. టైరు వయసు తెలుసుకోవచ్చు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే, 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. అంకెలు వచ్చినవాళ్లను పాత టైరు అంటగట్టి మోసం చెయ్యడం కష్టం.

తోడికోడళ్ల మాటలు

ఒక ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు పాలు అమ్ముతారు. బండి షెడ్డు నుంచి వచ్చింది. చిన్నామె చీటీ పట్టుకుని కూర్చుంది.

"ఏంటి చెల్లీ, ఆ కాయితం అంతసేపు చూస్తున్నావు?"

"బండి బిల్లు అక్కా. ఆయిలు, ప్లగ్గు, చైను సెట్టు అని రాశారు."

"రాస్తే రాశారు. డబ్బులిచ్చాం, బండొచ్చింది. మగవాళ్ల పనులు మనకెందుకే?"

"చైను సెట్టు అంటే మూడు సామాన్లక్కా. చైను, ముందు పళ్ల చక్రం, వెనక పళ్ల చక్రం. ఇదిగో, ఈ రబ్బరు మూత తీసి చూడు."

పెద్దామె వంగి చూసింది. చైను తుప్పు పట్టి ఉంది. వెనక చక్రం పళ్లు కొక్కేల్లా వంగి ఉన్నాయి.

"అయ్యో, ఇది పాతదే గదే!"

"కట్టిన డబ్బు మన పాలడబ్బక్కా. బావగారు నడుపుతారు, నిజమే. వెనక కూర్చునేది నువ్వూ నేనూ."

ఇద్దరూ బిల్లు తీసుకుని షెడ్డుకు వెళ్లారు. మెకానిక్కు బిల్లు చూశాడు. చైను చూశాడు. ఇంకో బండి సామాను ఈ బండి బిల్లులో పడిందని చెప్పాడు. గొడవేమీ జరగలేదు. ఆ డబ్బు వెనక్కి ఇచ్చి కొత్త బిల్లు రాశాడు. కాని పళ్లు అరిగాయి కాబట్టి చైను సెట్టు నిజంగానే మార్చాలన్నాడు.

"మార్చు బాబూ," అంది పెద్దామె. "తీసిన పాత సామాను మాకియ్యి. ఇంటికి తీసుకుపోతాం."

నోటు పుస్తకం

బండికి ఒక నోటు పుస్తకం పెట్టండి. చేసిన ప్రతి పనీ రాయండి. ఇలా రాయవచ్చు:

తేది: జూన్ 5
మీటరు: 41,200
పని: ఆయిలు మార్చాం
మళ్లీ మార్చాల్సింది: 44,200

పెట్రోలు లెక్క కూడా రాయండి. ట్యాంకు నిండా పోయించి మీటరు రాసుకోండి. మళ్లీ నిండా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. 300 కిలోమీటర్లకు 5 లీటర్లు పడితే, లీటరుకు 60 కిలోమీటర్లు వచ్చినట్టు. 60 ఇచ్చే బండి 45 ఇస్తుంటే ఎక్కడో తేడా ఉంది. టైర్లలో గాలి, గాలి జల్లెడ, ప్లగ్గు, బ్రేకు ఒరుసుకోవడం చూడండి.

బండి కాగితాలు కూడా చదవండి. రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. తరవాత తనిఖీ చేయించి మళ్లీ చేయించుకోవాలి. బీమా గడువు, పొగ తనిఖీ కాగితం గడువు నోటు పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టండి. బీమా లేకుండా ప్రమాదం జరిగితే నష్టపరిహారం మీ ఇంటి మీద పడుతుంది.

ఏ పని మెకానిక్కుది?

ఇంజను విప్పడం, క్లచ్చి మార్చడం, చక్రాల బేరింగులు, వైర్ల పని ఇంట్లో చెయ్యకండి. బ్రేకు షూలు, చైను బిగించడం మొదటిసారి తెలిసినవాళ్లు పక్కనుండగా చెయ్యండి. బ్రేకు డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకండి. తడిగుడ్డతో తుడవండి. ఏ పని చేసినా ముందు ఇంటి దగ్గరే మెల్లగా నడిపి, బ్రేకు పట్టి చూశాకే రోడ్డు ఎక్కించండి. ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ హెల్మెట్టు పెట్టుకోవాలి.

కొత్త మాటలు

పానా – నట్లు, బోల్టులు తిప్పే సాధనం
గాలి జల్లెడ – ఇంజనులోకి దుమ్ము పోకుండా ఆపేది
చైను సెట్టు – చైను, రెండు పళ్ల చక్రాలు
చీర గార్డు – చీర చక్రంలో పడకుండా ఆపేది

జవాబులు చెప్పండి

1. ఇంజను నడవడానికి కావాల్సిన మూడు ఏవి?
2. బండి పని పొయ్యి దగ్గర ఎందుకు చెయ్యకూడదు?
3. టైరు మీద 0821 అని ఉంది. అది ఏ సంవత్సరం, ఎన్నో వారంలో తయారైంది?
4. 44,200 దగ్గర ఆయిలు మార్చాలి. ఇప్పుడు మీటరు 43,650 చూపిస్తోంది. ఇంకా ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయి?
5. చిన్న తోడికోడలు బిల్లు చదవకపోతే ఏం జరిగేది?

చేసి చూడండి

మీ ఇంటి బండి గాని పక్కింటి బండి గాని చూడండి. చీర గార్డు, చైను బిగువు, టైరు అంకెలు, ఆయిలు గీత – ఈ నాలుగూ ఎలా ఉన్నాయో నోటు పుస్తకంలో నాలుగు వాక్యాలు రాయండి. రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.