జింబాబ్వేను రెండు ముక్కలు చేయకు

హారికా,

జింబాబ్వే యాత్రకు నువ్వు వేసుకున్న ప్రణాళిక చూశాను. తొమ్మిది రాత్రుల్లో ఏడు హ్వాంగే అడవికి, రెండు విక్టోరియా జలపాతానికి ఇచ్చావు. గ్రేట్ జింబాబ్వే రాతి కట్టడాలను మాత్రం వీలుంటే చూద్దామని చివరన రాసుకున్నావు. వాటిని మొదటికి తీసుకురా తల్లీ. ఆ దేశంలో అడవి కథ, మనుషుల కథ వేరువేరు కావు. ఒకదాన్ని వదిలేస్తే రెండోది కూడా సగమే అర్థమవుతుంది.

మస్వింగో పట్టణానికి దగ్గర్లో ఉన్న గ్రేట్ జింబాబ్వే నగరాన్ని షోనా ప్రజల పూర్వీకులు 11వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా కట్టారు. అక్కడి పెద్ద ప్రాకారం చుట్టుకొలత సుమారు 250 మీటర్లు, ఎత్తు కొన్నిచోట్ల 11 మీటర్లు. సున్నం లేదు, అడుసు లేదు. గ్రానైట్ రాతి పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి నిలబెట్టారు. అంత సంపద పశువుల మందల నుంచీ, బంగారం నుంచీ, ఏనుగు దంతాల నుంచీ వచ్చింది. దంతాలు, బంగారం తూర్పు తీరానికి వెళ్లి ఓడలెక్కేవి; బదులుగా చైనా పింగాణీ, మన దేశపు గాజుపూసలు ఆ కొండల దాకా చేరాయి. తవ్వకాల్లో అవన్నీ దొరికాయి. అంటే హ్వాంగేలో నువ్వు చూడబోయే ఏనుగుకీ ఆ గోడకీ ఎప్పటినుంచో లెక్కలున్నాయి. ఇంత పని ఆఫ్రికన్లు చేయలేరంటూ వలస పాలకులు షేబా రాణి పేరో ఫినీషియన్ల పేరో చెప్పుకుంటూ వచ్చారు. పురావస్తు శాస్త్రవేత్తలు 1905లో రాండల్ మెక్‌ఐవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్ తవ్వి చూసి, అది స్థానికుల కట్టడమేనని తేల్చారు. 1980లో స్వతంత్రమైన దేశం ఆ నగరం పేరునే తన పేరు చేసుకుంది, అక్కడ దొరికిన రాతిపక్షిని జెండా మీద పెట్టుకుంది.

ఇక మతోబో కొండలు చూడు. బులవాయో నగరం నుంచి గంటలోపు ప్రయాణమే. న్స్వాతుగి గుహలో వేట మీద బతికిన శాన్ ప్రజలు గీసిన జిరాఫీలున్నాయి. అదే కొండల్లో వానల కోసం మ్వారి దేవుణ్ణి కొలిచే స్థలాలు ఇప్పటికీ పూజలందుకుంటున్నాయి. ఆ పక్కనే ఖడ్గమృగాలు సాయుధ కాపలాలో తిరుగుతున్నాయి, వలస పాలకుడు సెసిల్ రోడ్స్ సమాధీ ఉంది. హ్వాంగే సైతం మనిషి చెయ్యి పడని అడవి కాదు. ఆ అడవిలో ఎక్కువ భాగానికి ఏడాది పొడుగునా నీరుండే నది లేదు. 1928లో దాన్ని రక్షిత ప్రాంతం చేశాక తొలి వార్డెన్ టెడ్ డేవిసన్ బోర్లు వేయించాడు. వానలు లేని నెలల్లో నువ్వు చూసే గుంటల్లో నీళ్లు చాలావరకు మోటార్లు తోడి పోసినవే. ఆ నీటివల్లే ఏనుగులు పెరిగాయి. పెరిగిన ఏనుగులు పొలాల మీద పడుతున్నాయి. 2024 కరువులో ప్రభుత్వం 200 ఏనుగులను చంపి మాంసం జనానికి పంచుతామని ప్రకటించింది. ఆ నిర్ణయం నీకు నచ్చినా నచ్చకపోయినా, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు.

పిల్లలకు రాళ్లు విసుగంటావు. నిజమే, రోజంతా తిప్పితే విసుగే. ఒక ఉదయం చాలు. కొండ మీది కోట ఎక్కించు, కింది ప్రాకారం సందుల్లో నడిపించు. మనకు హంపీ, ఓరుగల్లు ఉండగా అంత దూరం వెళ్లి మళ్లీ శిథిలాలెందుకని కూడా అడగవచ్చు. మన కట్టడాలు మనవేనా అని మనల్నెవరూ అడగలేదు. షోనా జాతి తన కట్టడం తనదేనని రుజువు చేసుకోవలసి వచ్చింది. మన పిల్లలు ఆఫ్రికా అంటే సింహాలే అనుకుంటూ తిరిగి రాకూడదు. అడవిలో రాత్రులు తగ్గితే జంతువులు కనబడవేమోనన్న బెంగ మాత్రం సహేతుకమే. దానికి విరుగుడు సరైన నెల ఎంచుకోవడం. ఆగస్టు, సెప్టెంబరుల్లో గడ్డి ఎండిపోయి జంతువులు నీటిగుంటల దగ్గరికే వస్తాయి. అప్పుడు మూడు రాత్రులు, వానాకాలపు ఏడు రాత్రులకు తీసిపోవు. ఆ నెలల్లో దోమలూ తక్కువే. జలపాతం ఉరవడి కొంత తగ్గినా తుంపర తెరలా కమ్మేయదు కాబట్టి, జింబాబ్వే వైపు నుంచి లోయ అడుగు దాకా కనబడుతుంది.

కనుక హరారేలో దిగి మస్వింగోలో రెండు రాత్రులు, బులవాయోలో రెండు, హ్వాంగేలో మూడు, జలపాతం దగ్గర రెండు ఉండు. ఇది ఒకే దారి. వెనక్కి రానక్కర్లేకుండా విక్టోరియా ఫాల్స్ విమానాశ్రయం నుంచే బయల్దేరవచ్చు. మలేరియా మాత్రల గురించి ముందే డాక్టరును కలువు. చిన్న డాలరు నోట్లు దగ్గర ఉంచుకో. బసలో విలాసం కాస్త తగ్గించుకునైనా మంచి గైడుకు డబ్బు పెట్టు. అక్కడ ప్రొఫెషనల్ గైడు లైసెన్సు కఠినమైన పరీక్షలు దాటినవాళ్లకే ఇస్తారు. జంతువు జాడతో పాటు ఆ నేల మీద మనుషుల జాడ కూడా చెప్పమని అతణ్ణి అడుగు. అడిగితే చెబుతారు, అడగనివాళ్లకు సింహాన్ని చూపించి ఊరుకుంటారు.


నీ బాబాయి